మీటరు లెక్క, టబ్బు లెక్క, ఆర్డర్ లెక్క

మొదటి రోజు: 2025 నవంబర్ 23, ఆదివారం, మాదాపూర్

సాయంత్రం ఆరున్నర. మెయిన్ రోడ్డు నుంచి రెండు గల్లీలు లోపలికి పోతే ఒక డార్క్ స్టోర్ ఉంది. చూడ్డానికి షట్టర్ సగం దించిన గోడౌన్‌లా ఉంటుంది. కొనేవాళ్లెవరూ అందులోకి పోరు. ఫోన్‌లో ఆర్డర్ పడగానే లోపలి పిల్లలు అరల మధ్య పరుగెత్తి సామాన్లు ఏరి సంచిలో వేస్తారు, బయటి పిల్లలు బండి మీద తీసుకుపోతారు. షట్టర్ ముందు ఇరవై, ముప్పై బండ్లున్నాయి. ఎవరూ బండి దిగడం లేదు. దిగి కూర్చుందామన్నా చోటు లేదు. దాహమైతే పక్కనున్న పాన్ షాపులో నీళ్ల బాటిల్ కొనుక్కోవాలి.

నాలుగేళ్లుగా నా పని ఇదే. మిషన్లు, యాప్‌లు వచ్చాక పనిచేసేవాళ్ల బతుకులు ఎట్లా మారుతున్నాయో చూడడం, అడగడం, రాసుకోవడం. యూనివర్సిటీ లైబ్రరీలో చదివింది ఎంత ఉన్నా, ఇట్లా ఫుట్‌పాత్ మీద నిలబడి విన్నదే నాకు చివరిదాకా గుర్తుంటుంది.

రెండు రోజుల కింద, శుక్రవారం 21న, పాత కార్మిక చట్టాల చోట తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పిల్లలందరి ఫోన్లలో ఆ వార్త తిరుగుతోంది. నన్ను చూడగానే చుట్టూ చేరారు.

"అక్కా, కొత్త చట్టం వచ్చిందట కదా. మాకేమన్న వస్తదా?"

తెలిసింది చెప్పాను. ఆ నాలుగిట్లో ఒకటైన సామాజిక భద్రత కోడ్ 2020లోనే పార్లమెంటులో పాసైంది. గిగ్ వర్కర్, ప్లాట్‌ఫాం వర్కర్ అనే మాటలు కేంద్ర చట్టంలోకి అందులోనే మొదటిసారి ఎక్కాయి. యాప్ కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఒక నిధికి కట్టాలి, అది వర్కర్లకు ఇచ్చే మొత్తంలో 5 శాతం దాటనక్కర్లేదు. ఆ నిధి నుంచి ప్రమాద బీమా, వైద్యం లాంటి పథకాలు పెట్టవచ్చు. ఇంతవరకు మంచిదే. కానీ అదే కోడ్ గిగ్ వర్కర్ అంటే ఎవరో చెబుతూ, సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడు అని రాసింది. బయట అన్నాక కనీస వేతనం ఉండదు, ఓవర్‌టైం ఉండదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక లెక్కన 2020–21లోనే దేశంలో ఇలాంటి వాళ్లు 77 లక్షల మంది. 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలవుతారని అదే నివేదిక అంచనా. అంతమందిని ఒక్క మాటతో గడప బయట నిలబెట్టినట్టయింది.

అందరిలో ఒకబ్బాయి మాత్రం ఏమీ అడగలేదు. ఇరవై నాలుగేళ్లుంటాయి. హ్యాండిల్‌కు ఫోన్ స్టాండ్ ఉన్నా అది వదులైపోయి, ఫోన్‌ను రెండు రబ్బరు బ్యాండ్లతో బిగించాడు. టెంపర్డ్ గ్లాస్ ఒక మూలన పగిలింది. పవర్ బ్యాంక్ షర్టు లోపల పెట్టుకుని వైరు కాలర్ మీదుగా తెచ్చాడు. ఊరేదంటే సిరిసిల్ల అన్నాడు. నాన్న సాంచలు నడుపుతాడట. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచ అంటారు.

మధ్యాహ్నం చేసిన రెండు ఆర్డర్లు చూపించాడు. రెండూ ఇంచుమించు ఒకే దూరం. ఒకదానికి 38 రూపాయలు, ఇంకోదానికి 29. ఎందుకు తేడా అని అడిగాను.

"ఏమో అక్కా. రద్దీ ఉంటే ఒక తీరు, ఇన్సెంటివ్ ఉంటే ఒక తీరు. మా నాయిన మీటరుకు ఇంత అని పట్టుకుని చెప్తడు. నన్ను కిలోమీటరుకు ఎంత అని అడుగు, నేను చెప్పలేను."

నేను అడగాలనుకున్న పది ప్రశ్నలు ఆ ఒక్క మాటలో ఉన్నాయి. పాన్ షాపులోనే చిన్న నోట్‌బుక్ ఒకటి కొని అతనికిచ్చాను. ప్రతి ఆర్డర్‌కూ అది పడిన టైం, ఇచ్చేసిన టైం, యాప్ చూపిన దూరం, బండి మీటరు చూపిన దూరం, వచ్చిన పైసలు రాయమన్నాను. శుక్రవారం మళ్లీ వస్తానన్నాను. "సిరిసిల్ల పోతున్నవా? మా ఇంటికి పో అక్కా, మా అమ్మ సంబురపడతది" అని వాళ్ల నాన్న నంబరిచ్చాడు.

రెండో రోజు: నవంబర్ 24, సోమవారం, సిరిసిల్ల

సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో ఎనిమిది గంటల బస్సు. సిద్దిపేటలో దిగి చాయ్ తాగాను. ఆ తర్వాత రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవర్ పాపం కుప్పల మధ్య నుంచి సూదిలో దారం దూర్చినట్టు బస్సును నడిపాడు.

సిరిసిల్ల కళ్ల కంటే ముందు చెవులకు వినిపిస్తుంది. బస్టాండు దాటి ఏ వాడలోకి పోయినా టకటకా టకటకా అని ఇళ్ల గోడల్లోంచి శబ్దం వస్తుంది. ఊళ్లో పాతిక వేలకు పైగా సాంచలున్నాయి. చాలావరకు పాతవే, నాడె (పేక పోగును మోసే షటిల్) అటూ ఇటూ పరుగెత్తేవి. మగ్గాలు పోయి సాంచలు వచ్చినప్పుడు ఒక తరం నేతపనివాళ్లు భీవండి, షోలాపూర్, సూరత్ దారి పట్టారు. ఇక్కడ ఉన్నవాళ్లకు గిట్టుబాటు లేక 2000 దశకంలో వరుసగా ఆత్మహత్యలు జరిగాయి. ఆ తర్వాత 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి కొన్నేళ్లు ఊపిరి పోశాయి. ఇప్పుడు మహిళా సంఘాలకు ఇచ్చే చీరల ఆర్డర్. సర్కారు ఆర్డర్ ఉంటే పని, లేకుంటే సగం సాంచలు బంద్.

పైన సేఠ్‌లు ఉంటారు. వాళ్లు నూలు ఇస్తారు, బట్ట తీసుకుంటారు. నడుమ ఆసాములు. వాళ్లకు సొంత సాంచలుంటాయి కానీ నూలు సొంతం కాదు, కూలికి నేయించి ఇస్తారు. అడుగున కార్మికులు. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేవాళ్లు, పడుగు పోగులు పరిచే వార్పింగ్ చేసేవాళ్లు, వైపని చేసేవాళ్లు, సాంచలు నడిపేవాళ్లు, అందరూ ముక్క కూలి మీదే, అంటే చేసిన పనిని బట్టే కూలి.

చీకటి పడ్డాక ఆ అబ్బాయి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తండ్రి అప్పటికే రాత్రి షిఫ్టుకు పోయాడు. తల్లి గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "కూసో చెల్లె" అని పీట జరిపింది. కొడుకు ఎట్లున్నాడు, సన్నబడ్డాడా, అని మూడుసార్లు అడిగింది. బాగున్నాడని చెప్పాను. నిజానికి అతను సన్నగానే ఉన్నాడు.

మూడో రోజు: నవంబర్ 25, మంగళవారం, సిరిసిల్ల

పొద్దున ఆరు గంటలకు షెడ్డుకు పోయాను, రాత్రి షిఫ్టు దిగడానికి ముందే. తలుపు తీయగానే శబ్దం ఛాతీ మీద కొట్టినట్టయింది. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. అందుకే ఇక్కడి మనుషులు బయట కూడా గట్టిగా మాట్లాడతారు.

అన్న, అంటే ఆ అబ్బాయి తండ్రి, ఎనిమిది సాంచలు చూస్తున్నాడు. నాలుగిటికి ముఖం, నాలుగిటికి వీపు. అరగంట సేపు నేను అతని చేతులనే చూశాను. ఒక నాడెలో కండె అయిపోవస్తోంది. సాంచ ఆపాడు, నాడె బయటికి తీశాడు, ఖాళీ కండె డబ్బాలో పడేసి నిండు కండె బిగించి, పోగును కన్నంలోంచి లాగి నాడెను పెట్టెలో పెట్టి, మళ్లీ పట్టీ లాగాడు. నేను నెమ్మదిగా పది లెక్కపెట్టేలోపు అంతా అయిపోయింది. అంతలో వెనక సాంచలో పడుగు పోగొకటి తెగింది. అటు తిరగకుండానే ఎట్లా తెలిసిందో తెలియదు. తర్వాత అడిగితే "సప్పుడు మారుతది" అన్నాడు. ఎనిమిది సాంచల మోతలో ఒక పోగు తెగిన తేడాను వినగల చెవులు అవి. కానీ ఎడమ చెవి ఇప్పుడు సరిగ్గా వినపడదట.

షిఫ్టు దిగాక జేబులోంచి చిన్న పాకెట్ బుక్కు తీసి, సాంచ సాంచకూ వెళ్లి ఎన్ని మీటర్లయిందో రాసుకున్నాడు. ఆసామి కొడుకు తన బుక్కులో రాసుకున్నాడు. ఇద్దరూ ఒకరి బుక్కు ఒకరు చూసుకున్నారు. మూడో సాంచ దగ్గర రెండు మీటర్ల తేడా వచ్చింది. మళ్లీ కొలిచారు. అన్న చెప్పిందే కరెక్టు. ఆసామి కొడుకు కొట్టేసి దిద్దాడు. మొత్తం ఐదు నిమిషాల పని. మాదాపూర్ పిల్లాడికి ఈ ఐదు నిమిషాలే లేవు.

సిరిసిల్లను గొప్ప చేసి చెప్పడానికి నేనిది రాయడం లేదు. పన్నెండు గంటల షిఫ్టు, వారం పగలు, వారం రాత్రి. ముక్కుల్లో నూలు దుమ్ము. కూలి రేటు పెంచమని ఎన్నిసార్లు సమ్మె చేశారో లెక్కలేదు. కానీ రేటు ఎంతో అందరికీ తెలుసు కాబట్టే అది చాలదని గొడవపడగలుగుతున్నారు.

పది గంటలకు వైపని చేసే చోటికి తీసుకుపోయారు. పడుగు చుట్టి ఉండే పాత బీము అయిపోయాక కొత్త బీము పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా కలపాలి. వేల పోగులు. ఒకాయన స్టూల్ మీద కూర్చుని బొటనవేలు, చూపుడువేలు మధ్య బూడిద అద్దుకుంటూ మెలిపెడుతున్నాడు. ముడి కనపడదు, మెలి మాత్రమే. ఆ వేళ్ల కొసలు నున్నగా మెరుస్తున్నాయి. ఆధార్ వేలిముద్ర పడక రేషన్ షాపులో రెండుసార్లు వెనక్కి పంపారని చెప్పాడు. పని చేసీ చేసీ అరిగిపోయిన వేలిని చూసి మిషన్ నువ్వెవరో నాకు తెలియదంటే, ఆ మనిషికి ఎట్లా ఉంటుంది? ఆటోమేషన్ గురించి ఎన్నో సెమినార్లలో విన్నాను. ఈ సంగతి ఎక్కడా వినలేదు.

మధ్యాహ్నం తంగళ్లపల్లి మండలం బద్దెనపల్లిలోని టెక్స్‌టైల్ పార్కు చూశాను. అక్కడ నాడె లేని రేపియర్ లూమ్‌లు ఉన్నాయి. పోగు తెగితే వాటంతట అవే ఆగి లైటు వెలుగుతుంది. మోత తక్కువ, బట్ట బాగుంటుంది, ఒక్క మనిషి ఎక్కువ మగ్గాలు చూడగలడు. అంటే మిగతావాళ్లు ఏమవుతారన్న ప్రశ్న అక్కడే ఉంది. అయినా ఆ షెడ్డులో నిలబడ్డప్పుడు అన్న చెవులే గుర్తొచ్చాయి. ఆ మిషన్ ఇరవై ఏళ్ల కిందనే అతనికి అంది ఉంటే బాగుండేది.

సాయంత్రం మళ్లీ వాళ్లింటికి. ఆ రోజే పంచాయతీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది, టీవీ నిండా అదే. వదినె బీడీలు చుడుతూనే ఉంది. తునికాకును కొలతకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. రేపు పొద్దున కార్ఖానాలో అప్పజెప్పాలి. అక్కడ బాగా లేవని కొన్నిటిని చాటలోంచి తీసేస్తారు, తీసేసినవాటికి కూలి రాదు. "నీ కొడుక్కు కస్టమర్ స్టార్లు తగ్గిస్తే ఇన్సెంటివ్ పోతుంది వదినా, అట్లాంటిదే" అన్నాను. ఆమె చేయి ఆపి నన్ను చూసింది. "గట్లనా? వాడెన్నడు చెప్పలే" అంది.

తర్వాత ఆమె బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్ తీసి, బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, పీఎఫ్ కాగితాలు చూపించింది. అవి చూస్తుంటే నాకు ఒక్కసారిగా వెలిగింది. ఈమె ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయదు. తన గడపలో, తనకు వీలైన టైంలో, తన చాటతో చుడుతుంది. యాప్ కంపెనీలు ఈ రోజు చెప్పే వాదన అచ్చం ఇదే: మీ బండి, మీ టైం, మీ ఇష్టం, కాబట్టి మీరు మా ఉద్యోగి కాదు. కానీ 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా ఉద్యోగి అనే రాసింది. బీడీ కంపెనీలు సుప్రీంకోర్టు దాకా పోతే, 1974లో కోర్టు ఆ చట్టం చెల్లుతుందని తేల్చింది. ఇంట్లో చుట్టేవాళ్లకూ పీఎఫ్ వర్తిస్తుందని 1985లో అదే కోర్టు ఇంకో కేసులో తేల్చింది. అందుకే ఈమెకు పీఎఫ్ ఉంది. అరవై ఏళ్ల కిందట గడపలో కూర్చున్న తల్లిని లోపలికి తీసుకున్న చట్టం, ఇప్పుడు ఆమె కొడుకును ఎందుకు బయటివాడంటోంది?

లేస్తుంటే కొడుక్కిమ్మని మామిడికాయ తొక్కు డబ్బా ఇచ్చింది.

నాలుగో రోజు: నవంబర్ 26, బుధవారం, గోదావరిఖని దారిలో

సిరిసిల్ల నుంచి కరీంనగర్, అక్కడి నుంచి పెద్దపల్లి మీదుగా గోదావరిఖని. దారిలో ఒకచోట చైన్ మిషన్ తడి పొలంలో వరి కోస్తోంది. గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు, మిషన్ మూలల్లో వదిలేసిన వరిని కొడవలితో కోయడానికి నిలబడ్డారు. ఒకప్పుడు ఆ పొలానికి పదిహేను మంది కైకిలి వచ్చేవాళ్లు.

బ్యాగు తెరిచేసరికి తొక్కు నూనె కారి నిన్నటి నోట్స్‌లో నాలుగు పేజీలకు అంటింది. కాసేపు బాధేసింది. అక్షరాలు మాత్రం పోలేదు.

ఆ రోజు కేంద్ర కార్మిక సంఘాలు లేబర్ కోడ్‌ల మీద దేశమంతా నిరసనకు పిలుపునిచ్చాయి. గోదావరిఖనిలో దిగేసరికి చౌరస్తాలో ఎర్రజెండాలు, మైకు. ఒకాయన చేతిలో కోడ్‌ల కాపీ కాలుతోంది. మాదాపూర్‌లో పిల్లలకు ఈ పిలుపు సంగతే తెలియదు. ఇక్కడ మాత్రం చాయ్ బండి దగ్గర నిలబడిన ముసలాయన కూడా కోడ్‌ల పేర్లు వేళ్ల మీద చెప్పాడు. వందేళ్లు దాటిన సింగరేణి బొగ్గు కంపెనీ, దాని కార్మికుల పోరాటాలు చూసిన ఊరు మరి.

మేనమామ ఇంటికి చేరేసరికి అత్తమ్మ చాప కూర వండింది. రాత్రంతా చుట్టాల ముచ్చట్లే.

ఐదో రోజు: నవంబర్ 27, గురువారం, గోదావరిఖని

మామ బాయిలో, అంటే బొగ్గు గనిలో, కోల్ ఫిల్లర్‌గా చేరి, జనరల్ మజ్దూర్‌గా రిటైరయ్యాడు. పొద్దున చలికి మఫ్లర్ చుట్టుకుని నన్ను తిప్పడానికి బయల్దేరాడు. మోకాళ్లు నొప్పి, అయినా ఆటో వద్దన్నాడు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు మామ ఇంటికొచ్చే టైంకు మేమంతా గేటు దగ్గర నిలబడేవాళ్లం. బాయి దిగి స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచున కాటుకలా బొగ్గు ఉండేది. ఆయన ఏం పని చేస్తాడో మాత్రం ఎప్పుడూ అడగలేదు. పరిశోధనలో పడ్డాక కూడా ఎక్కడెక్కడి వాళ్లనో అడిగాను కానీ మామను అడగలేదు. ఈసారి అడిగాను.

బ్లాస్టింగ్ అయ్యాక పొగ తగ్గగానే ఫిల్లర్లు గ్యాంగుగా పోయి, తట్టా చెమ్మస్‌తో (పార లాంటిది) బొగ్గు ఎత్తి, పట్టాల మీద నడిచే చిన్న బండ్లయిన టబ్బుల్లో నింపేవాళ్లు. కూలి టబ్బుల లెక్క.

"ఎన్ని టబ్బులో ఎవరు రాసేటోళ్లు మామా?"

"మున్షీ రాసేటోడు. మేమూ లెక్కపెట్టుకునేటోళ్లం. టబ్బు కండ్ల ముంగట ఉంటది కదా బిడ్డా, యాడికి పోతది?"

తర్వాత ఆయన చెప్పిన సంగతికి నేను నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఒక్కోసారి పైనుంచి ఖాళీ టబ్బులు వచ్చేవి కావు. టబ్బులను లాగే హాలేజ్ చెడిపోయేది, టబ్బు పట్టాలు తప్పేది. బొగ్గు ముందే ఉంటుంది, చేతిలో చెమ్మస్ ఉంటుంది, నింపడానికి టబ్బు లేదు. రెండు గంటలు, మూడు గంటలు ఊరికే కూర్చోవాలి.

"మరి ఆ పూట కూలి పోయినట్టేనా?"

"ఎట్ల పోతది? ఖాళీ టబ్బు తెచ్చిచ్చుడు కంపెనీ పని. ఫాల్‌బ్యాక్ కట్టాలె. కట్టకపోతే యూనియన్ ఊకుంటదా?"

ఫాల్‌బ్యాక్ వేజ్ అనే మాట బొగ్గు వేతన ఒప్పందాల్లో నేను చదివిందే. ముక్క కూలి మనిషికి తన తప్పు లేకుండా పని దొరకకపోతే ఇవ్వాల్సిన కనీస మొత్తం. చదివినప్పుడు అది ఒక క్లాజు. ఇప్పుడు, చీకట్లో టోపీ లైటుతో గోడకు ఆనుకుని ఖాళీ టబ్బు కోసం కూర్చున్న మామ కనిపించాడు. వెంటనే షట్టర్ ముందు బండ్ల మీద కూర్చున్న ముప్పై మంది పిల్లలు కూడా. వాళ్లు ఆర్డర్ కోసం కూర్చునే టైంకు పైసా రాదు. రోడ్డు మీద తప్ప వాళ్లు పనిలో ఉన్నట్టే కాదు.

మిషన్ల గురించి అడిగితే మామ ఏమాత్రం తడబడలేదు. "ఎస్‌డీఎల్ వచ్చినంక నా నడుం బతికింది" అన్నాడు. పక్కకు పోసే లోడర్ అది. బొగ్గును బకెట్‌తో ఎత్తి చెయిన్ మీద పోస్తుంది. ఆ మిషన్లు వచ్చినప్పుడు ఫిల్లర్లను ఇంటికి పంపలేదు. యూనియన్లు కూర్చుని మాట్లాడాయి, వాళ్లను వేరే పనుల్లోకి మార్చారు. 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ గని బొగ్గు తీయడం మొదలుపెట్టింది. అక్కడ షియరర్ అనే కోత మిషన్ బొగ్గు గోడ వెంట అటూ ఇటూ తిరుగుతూ కోస్తుంది. పైకప్పును హైడ్రాలిక్ సపోర్టులు ఎత్తిపట్టుకుంటాయి, కోత ముందుకు పోయేకొద్దీ అవీ ముందుకు జరుగుతాయి. వెనక ఖాళీ అయిన చోట కప్పు కూలిపోతుంది. తట్ట పట్టే మనిషికి అక్కడ పనే లేదు. కప్పు కూలి పోయిన తన దోస్తుల పేర్లు మామ నాకు ఐదు చెప్పాడు. అంత మంది పోయాక ఆ మిషన్‌ను వద్దనమని ఆయనకు చెప్పే హక్కు నాకు లేదు.

అయితే 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. లోపల ఉన్నవాళ్లను మిషన్ తీసేయలేదు కానీ రిటైరైనవాళ్ల చోట్లు చాలావరకు అట్లాగే మూసుకుపోయాయి. ఓపెన్ కాస్టుల్లో మట్టి తీసే పనులు కాంట్రాక్టు వాళ్లవి. ఒకే బొగ్గు, రెండు రకాల జీతాలు. మామ కొడుక్కు బాయిలో ఉద్యోగం రాలేదు. వాడు హైదరాబాద్‌లో కారు తీసుకుని యాప్‌కు పెట్టి, ఈఎంఐ కట్టలేక బండి వదులుకున్నాడు. ఆ విషయం చెప్పేటప్పుడు మామ గొంతు తగ్గింది. "మా బాయిల కొట్లాట పెట్టుకోనీకి మేనేజర్ ఉండె. వాడు ఎవని మీద కొట్లాడాలె?" అన్నాడు.

ఇంటికొచ్చాక దానికి జవాబు వెతుకుతూ కూర్చున్నాను. కొంత దారి పడుతోంది. రాజస్థాన్ 2023లో గిగ్ వర్కర్ల సంక్షేమ చట్టం చేసింది, దేశంలో అదే మొదటిది. కర్ణాటక 2025లో చేసిన చట్టం ప్రకారం కారణం చెప్పి, 14 రోజుల నోటీసు ఇచ్చాకే వర్కర్‌ను తీసేయాలి. ఐడీ బ్లాక్ అయిన ఏ పిల్లాడినడిగినా 14 రోజులంటే ఏంటో చెబుతాడు. ఒక్క రాత్రిలో ఐడీ పోతుంది వాళ్లకు. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లును జనం ముందు పెట్టారు. దాన్ని రాసేటప్పుడు కూర్చునేవాళ్లలో ఫాల్‌బ్యాక్ తిన్న కోల్ ఫిల్లర్ ఒక్కరైనా ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఈ జూన్‌లో ప్లాట్‌ఫాం పని మీద మొదటి చర్చ చేసింది, రెండో చర్చను 2026కు పెట్టుకుంది. ఎదురుచూసే టైం పని టైం అవునా కాదా అన్నది అక్కడా తేలాల్సిన మాటే.

ఆరో రోజు: నవంబర్ 28, శుక్రవారం, మళ్లీ మాదాపూర్

రామగుండంలో పొద్దున రైలెక్కాను. జమ్మికుంట, కాజీపేట, జనగామ. కిటికీ పక్కన కూర్చుని రాసుకుంటూ వచ్చాను.

రాత్రి ఎనిమిదికి అదే షట్టర్ ముందు ఉన్నాను. తొక్కు డబ్బా ఇవ్వగానే మూత తీసి వాసన చూశాడు. ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. నాన్న చెవి గురించి చెప్పాను. తెలుసన్నాడు. అమ్మ బీడీలను కార్ఖానాలో తీసేయడం గురించి చెప్పాను. "అది నాకు చిన్నప్పట్నుంచి తెలుసక్కా. అందుకే నా స్టార్ల సంగతి ఆమెకు చెప్పలే" అన్నాడు.

నోట్‌బుక్ ఇచ్చాడు. ఐదు రోజులూ ఒక్క ఆర్డర్ వదలకుండా రాశాడు. వాన చుక్క పడి ఒకచోట సిరా అలుక్కుపోయింది. బుధవారం పేజీ ఇద్దరం కూడాం. అతని బండి ట్యాంకు మీద నోట్‌బుక్, నా ఫోన్ టార్చి. ఆర్డర్లు 14. యాప్ చూపిన దూరం 34 కిలోమీటర్లు. స్టోర్ దగ్గర మొదలుపెట్టి స్టోర్ దగ్గరే ఆపితే బండి మీటరు తిరిగింది 71. వచ్చింది 560 రూపాయలు, అందులో పెట్రోల్‌కే 170 దాకా పోయింది.

"తిరిగొచ్చే దారి లెక్కలనే లేదు కదక్కా" అన్నాడు.

లాగిన్ అయి ఉన్నది 11 గంటలు. ఆర్డర్ పడిన టైం నుంచి ఇచ్చిన టైం దాకా అన్నీ కూడితే 6 గంటల 10 నిమిషాలు. మిగతా 4 గంటల 50 నిమిషాలు తిరిగి రావడం, ఈ షట్టర్ ముందు కూర్చోవడం.

అప్పుడు మామ చెప్పిన ఖాళీ టబ్బుల సంగతి చెప్పాను. పక్క బండ్ల మీదివాళ్లు కూడా దగ్గరికి జరిగారు. "ఊకె కూసున్నా ఇచ్చేటోళ్లా?" అని ఒకడు రెండుసార్లు అడిగాడు. ఊరికే కాదు, పనికి సిద్ధంగా కూర్చున్నందుకు అన్నాను. ఎట్లా ఇప్పించుకున్నారని ఇంకొకడు అడిగాడు. మామ నంబరు ఇస్తానన్నాను.

మా అబ్బాయి నోట్‌బుక్ కొత్త పేజీ తిప్పి, పాత గళ్ల పక్కన స్కేలు లేకుండానే ఇంకో గీత గీసి, పైన 'ఖాళీ' అని రాశాడు. కింద 7:48 అని వేశాడు, ఆఖరి ఆర్డర్ ఇచ్చి వచ్చిన టైం. 8:31కి ఫోన్ మోగింది. 43 అని రాసి, పెన్ను హెల్మెట్‌లో పెట్టుకుని, షట్టర్ వైపు పోయాడు.